నాలుగు భాషలు వచ్చినవాళ్లకు మాట రాదంటామా?

చైత్రమాసంలో అరకు ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్లకు ఇది అనుభవమే. ఇటుకల పండుగకు మగవాళ్లు వేటకు వెళ్తారు. ఆడవాళ్లు, పిల్లలు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి వచ్చే పోయే బండ్లను ఆపుతారు. పజోరు, అంటే పండుగ మామూలు, ఇస్తేనే దారి. విశాఖ నుంచి వచ్చిన కారైతే తెలుగులో అడుగుతారు. కోరాపుట్ వైపు నుంచి దిగే జీపైతే ఒడియాలో. లారీ డ్రైవరు ఉత్తరాదివాడైతే సినిమాల్లో విన్న హిందీలో. పక్కనున్న మేనత్తతో, వదినతో మాత్రం ఇంటి భాష. పది ఇవ్వబోయినవాడి చేత ఇరవై ఇప్పించే నేర్పు ఆ ఆడపిల్లలకు ఉంది. బతిమాలతారు, వేళాకోళమాడతారు, పాట ఎత్తుకుంటారు, అవతలివాడు విసుక్కుంటే చల్లబరుస్తారు.

ఇంటర్ అయ్యాక వాళ్లలోనే కొందరు అరకులోయలోనో, పాడేరులోనో, చింతపల్లిలోనో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చేరతారు. కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసులో లేచి నిలబడి రెండు నిమిషాలు తమ గురించి చెప్పుకోమంటారు. 'మై నేమ్ ఈజ్' దగ్గర మొదలైన గొంతు 'ఐ యామ్ కమింగ్ ఫ్రమ్' దగ్గర ఆగిపోతుంది. తల దించుకుని కూర్చుంటారు. ఏజెన్సీ పిల్లలకు కమ్యూనికేషన్ వీక్ అనే మాట అక్కడ పుడుతుంది. అది మూడేళ్లూ వెంటాడుతుంది. ఉద్యోగ మేళాలో, ఇంటర్వ్యూ గదిలో, చివరికి ఆ పిల్లల మనసులో కూడా అదే మాట నాటుకుపోతుంది.

ఈ ముద్ర అన్యాయమైనది. రోడ్డు మీద మూడు భాషల్లో బేరమాడిన గొంతు గదిలోకి రాగానే మూగబోయిందంటే లోపం ఎక్కడుందో చూడాల్సింది గదిలో. మన్యంలోని కళాశాలలు మాటను ఒక విద్యగా నేర్పాలంటే ఆ పిల్లలు తెచ్చుకున్న భాషల దగ్గర మొదలుపెట్టాలి. ఇంగ్లీషు ఆ దారిలో చేరుకోవాల్సిన ఊరు. దాన్ని గుమ్మం దగ్గరే నిలబెట్టి తలుపు మూసేస్తున్నాం.

సిలబస్‌లో ఏముంది?

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో మాటకు ప్రత్యేకంగా చోటు దొరికి ఎంతో కాలం కాలేదు. 2015-16లో చాయిస్ బేస్డ్ క్రెడిట్ పద్ధతి వచ్చినప్పుడు 'కమ్యూనికేషన్ అండ్ సాఫ్ట్ స్కిల్స్' ఫౌండేషన్ కోర్సుగా చేరింది. 2020-21లో ఉన్నత విద్యామండలి సిలబస్‌ను మళ్లీ రాసినప్పుడు ఇంగ్లీషు పేపర్ల స్వరూపమే మారింది. పద్యాలు, కథానికలు, వ్యాసాలు వెనక్కి జరిగాయి. మొదటి సెమిస్టర్‌కు కమ్యూనికేషన్, సాఫ్ట్ స్కిల్స్. రెండో సెమిస్టర్‌కు చదవడం, రాయడం. మూడో సెమిస్టర్‌కు సంభాషణ. మరుసటి ఏడాది, 2021-22 నుంచి, డిగ్రీ అంతా ఇంగ్లీషు మాధ్యమంలోకి వెళ్లింది. 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతితో కోర్సులు ఇంకోసారి మారాయి. ప్రభుత్వ కళాశాలల్లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు ఉన్నాయి. సెల్ఫ్ ఇంట్రడక్షన్, గ్రూప్ డిస్కషన్, మాక్ ఇంటర్వ్యూ అక్కడ నేర్పుతారు.

ఆ 2020 నాటి సిలబస్‌ను తీసిపారేయడానికి లేదు. మొదటి పేపరు మొదటి యూనిట్ వినడం గురించి. ఎదుటివాడి మాట సరిగ్గా వినకుండా చేసే అడ్డంకులేమిటి, మంచి శ్రోత ఎలా ఉంటాడు అని పాఠం మొదలవుతుంది. ఎవరు రాశారో గానీ సరైన చోట మొదలుపెట్టారు. మూడో సెమిస్టర్‌లో నెహ్రూ 1947 ఆగస్టు అర్ధరాత్రి ప్రసంగం ఉంది, ఒబామా ప్రసంగం ఉంది. అబ్దుల్ కలాంతో, జేఆర్‌డీ టాటాతో, నెల్సన్ మండేలాతో జరిగిన ఇంటర్వ్యూలు ఉన్నాయి. వాటి పక్కనే పలకరింపు, పరిచయం, విన్నపం, ఒప్పుకోవడం, విభేదించడం వంటి అభ్యాసాలు.

ఇందులో లేనిదల్లా విద్యార్థి ఊరు. కడపలో చదివినా, కాకినాడలో చదివినా, అరకులోయలో చదివినా ఒకటే పాఠం, ఒకటే పరీక్ష. ఇంగ్లీషు ధ్వనులు, అచ్చులు హల్లులు, ఏ అక్షరం మీద ఊనిక పడాలి అనే పాఠం కోందుల భాష కువి మాట్లాడే పిల్లకూ అంతే, తెలుగు మాట్లాడే పిల్లకూ అంతే. నోటితో నేర్వాల్సిన విద్యలో చివరికి కాగితం మీద రాసే పరీక్షకే ఎక్కువ మార్కులు.

మాట విద్య ఇంగ్లీషు శాఖలో ఎందుకు ఇరుక్కుంది?

ఈ ప్రశ్న అమెరికాలో నూరేళ్ల కిందటే వచ్చింది. 1914 నవంబరులో షికాగోలో పదిహేడు మంది అధ్యాపకులు ఇంగ్లీషు ఉపాధ్యాయుల సంఘం నుంచి బయటికొచ్చి సొంత సంఘం పెట్టుకున్నారు. వాళ్లు ఉపన్యాస కళ బోధించేవాళ్లు. సభలో మాట్లాడటం, వాదించడం, ఒప్పించడం అనేవి సాహిత్య పాఠానికి తోకలు కావు, వాటికవే ఒక శాస్త్రం అన్నది వాళ్ల పట్టు. ఆ తర్వాత అక్కడి విశ్వవిద్యాలయాల్లో స్పీచ్ విభాగాలు విడిగా ఎదిగాయి.

మన దగ్గర ఆ విడదీత జరగలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇంజినీరింగ్ కాలేజీలకు వచ్చి, మీ పిల్లలకు లెక్కలొచ్చు, మాట రాదు అన్నాక మేలుకున్నాం. జేఎన్‌టీయూ పరిధిలో ఇంగ్లీషు భాష, కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్‌లు వచ్చాయి. హెడ్‌ఫోన్లు, కంప్యూటర్లు, రికార్డు చేసిన సంభాషణలు. డిగ్రీ కాలేజీలు ఆ నమూనానే అందిపుచ్చుకున్నాయి. అలా మాట అంటే ఇంగ్లీషు మాట, అదీ ఉద్యోగానికి పనికొచ్చే మాట అని స్థిరపడిపోయింది. ఉమ్మడి రాష్ట్రంలో, హైదరాబాదులో 1958లోనే కేంద్ర ఆంగ్ల సంస్థ వచ్చింది. అది ఇవాళ ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ. ఇంగ్లీషు ఎలా నేర్పాలో అరవై ఏళ్లకు పైగా ఆలోచించాం. తెలుగులోనో, ఆదివాసీ ఒడియాలోనో నలుగురి ముందు నిలబడి ఎలా మాట్లాడాలన్నది కళాశాలలో నేర్పాల్సిన సంగతిగా మనకు తోచనే లేదు.

గదిలోకి వచ్చే భాషలు

అరకు పార్లమెంటు నియోజకవర్గాన్ని మ్యాపులో చూస్తే ఒకటే రంగు. దగ్గరికెళ్తే పక్క పక్క ఊళ్లలో వేర్వేరు భాషా కుటుంబాలు. కోందుల ఇళ్లలో కువి. కొండదొరల్లో కొందరికి కొండ భాష, దాన్నే కూబి అంటారు. మిగతా కొండదొరలు, భగతలు చాలావరకు తెలుగులోకి వచ్చేశారు. గదబల్లో ఒక శాఖవారిది గుతోబ్, అది ముండా కుటుంబపు భాష. ఇంకో శాఖవారిది ఒల్లారి, అది ద్రావిడం. కులం పేరు ఒకటే, భాషల మధ్య బంధుత్వమే లేదు. ఉత్తరాన సీతంపేట కొండల్లో సవర, అదీ ముండా కుటుంబమే. దక్షిణాన రంపచోడవరం, చింతూరు వైపు కోయ. వీటన్నిటి మధ్య అరకు, పాడేరు సంతల్లో అందరినీ కలిపే భాష ఆదివాసీ ఒడియా. పిప్పళ్లు, పసుపు, రాజ్‌మా, అడ్డాకులు అమ్మేది ఆ భాషలోనే.

కాబట్టి ఒక కోందు కుర్రాడు డిగ్రీ తరగతికి వచ్చేసరికి ఇంట్లో కువి, సంతలో ఆదివాసీ ఒడియా, ఆశ్రమ పాఠశాలలో తెలుగు దాటి వస్తాడు. ఇంగ్లీషు అతనికి నాలుగో భాష. మైదానంలో పుట్టిన విద్యార్థికి అది రెండోది. నాలుగో భాషలో తడబడేవాడిని రెండో భాషలో తడబడేవాడితో పోల్చి, వెనకబడ్డాడని రాసుకుంటున్నాం. అతను నేర్చుకున్న మూడు భాషల్లో రెండింటిని ఎవరూ పాఠం చెప్పకుండానే, చెవితో నేర్చుకున్నాడన్న సంగతి ఏ మార్కుల జాబితాలోనూ కనిపించదు.

ఇదేమీ ఇప్పుడు కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి విశాఖ మన్యంలో కొండ భాష మాట్లాడేవాళ్లతో కూర్చుని, వాళ్ల ప్రతి ధ్వనినీ విని, 1969లో ఆ భాషా వ్యాకరణాన్ని ప్రచురించారు. ప్రపంచ ద్రావిడ భాషా శాస్త్రంలో అదొక ముఖ్య గ్రంథం. తెలుగువాళ్లం నోట ఏనాడో వదిలేసి అక్షరమాలలో మాత్రం మిగుల్చుకున్న బండి 'ఱ'కూ మామూలు 'ర'కూ ఉండే తేడా కొండ భాషలో ఇంకా బతికే ఉందని అందులో చూడవచ్చు. అంత సూక్ష్మమైన తేడాను పుట్టుకతో పట్టుకునే చెవి ఉన్న పిల్లాడికి ధ్వనుల పాఠం చెప్తున్నామని అధ్యాపకుడికి తెలిస్తే ఆ పాఠం ఎంత మారిపోతుంది! నీ భాషలో ఈ ధ్వని ఉందా, ఏదీ పలుకు, తెలుగువాళ్లు పలకగలరేమో చూద్దాం అని మొదలవుతుంది. అప్పటిదాకా వెనక బెంచీలో కూర్చున్నవాడు ఆ రోజుకు గురువవుతాడు.

బడి స్థాయిలో ఈ దారి ఒకసారి తొక్కాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బహుభాషా విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. గోండీ, కొలామీ, కోయ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అని ఎనిమిది భాషలు. తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. ఆ భాష వచ్చిన స్థానిక ఉపాధ్యాయులు పాఠం చెప్పారు. ఇంటి భాషలో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి, తర్వాత ఇంగ్లీషులోకి నడిపించాలన్నది ఆలోచన. రాజ్యాంగంలోని 350ఏ అధికరణం, 2009 విద్యాహక్కు చట్టం చెప్పేదీ ఇదే, వీలైనంత వరకు పిల్లలకు మాతృభాషలో చదువు అందాలని. ఆ కార్యక్రమం ప్రాథమిక తరగతులు దాటి పైకి రాలేదు. ఇంటి భాష చిన్నపిల్లల అవసరమే తప్ప పెద్ద చదువులకు సంబంధం లేనిదన్నట్టు వదిలేశాం. ఇంటి భాష వచ్చిన ఉపాధ్యాయుల సంగతీ అంతే. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబరు 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్నది కోర్టు మాట. ఆ న్యాయచర్చ ఎలా ఉన్నా, ఆ జీవో వల్ల పిల్లల భాష తెలిసిన మనిషి బల్ల ముందు నిలబడేవాడు. ఆ ప్రయోజనాన్ని ఇంకో దారిలో ఎలా నిలుపుకోవాలన్న ప్రశ్న మిగిలే ఉంది.

గిడుగు చేసి చూపించాడు

వినడం అనే యూనిట్‌కు ఉదాహరణ కావాలంటే సముద్రాలు దాటక్కర్లేదు. తూర్పు కనుమల్లోనే ఉంది. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో చరిత్ర చెప్పే పంతులు. ఊరికి వచ్చే సవరలను చూశాడు. వాళ్ల భాష ఎవరికీ రాదు. నేర్పడానికి పుస్తకం లేదు, నిఘంటువు లేదు. సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాటా విని రాసుకున్నాడు. కొండలెక్కి ఊళ్లు తిరిగాడు. సవర పిల్లల కోసం వాచకాలు రాశాడు, బడులు పెట్టించాడు. ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టండి అన్నాడు. 1931లో సవర భాషా బోధిని, 1938లో సవర-ఇంగ్లీషు కోశం అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకు డెబ్భై అయిదేళ్లు. అడవుల్లో తిరిగినప్పుడు పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైన్ ఆయన చెవులను దెబ్బతీసింది. ఒక జాతి మాట వినడానికి వెళ్లిన మనిషి తన వినికిడిని అక్కడ పోగొట్టుకున్నాడు.

ఆయన పుట్టినరోజు ఆగస్టు 29. దాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వ్యావహారిక భాష కోసం పోరాడాడని ఉపన్యాసాలిస్తాం. సవర పనిని ఒక వాక్యంలో దాటేస్తాం. నా దృష్టిలో ఆ రెండూ ఒకే పని. సవర పిల్లాడికి తెలియని భాషలో పాఠం చెప్తే ఎలా ఎక్కుతుంది అని అడిగిన మనిషే, తెలుగు పిల్లాడు ఇంట్లో మాట్లాడని గ్రాంథికంలో పరీక్ష రాయమంటే ఎలా రాస్తాడు అని అడిగాడు. 1913లో ఆధునిక తెలుగు మీద విజ్ఞాపన పత్రం రాసి విద్యాధికారుల ముందు పెట్టాడు. గురజాడ, ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, బడుల ఇన్‌స్పెక్టర్ యేట్స్ ఆయనకు తోడు. పండితులు ఎగతాళి చేశారు. పిల్లలకు భాష రాదని పండితులు, మీరు అడిగే భాష పిల్లలది కాదని గిడుగు. ఆ వాదనలో చివరికి ఎవరు గెలిచారో ఇవాళ మనం చదివే ప్రతి పత్రికా చెప్తుంది.

నూరేళ్ల తర్వాత అదే మాట మనం మన్యం పిల్లలతో అంటున్నాం. ఈసారి పండితుల కుర్చీలో కూర్చున్నది మనమే.

మండేలా దగ్గర ఆగి చూడాలి

2020 నాటి సిలబస్‌లోని మండేలా ఇంటర్వ్యూను పరీక్ష ప్రశ్నలకే పరిమితం చేయకపోతే అక్కడొక గొప్ప పాఠం దొరుకుతుంది. మండేలా ఇంటి భాష షోసా. తండ్రి పోయాక తెంబూ తెగ పెద్ద జొంగింతబా ఇంట పెరిగాడు. అక్కడ జరిగే తెగ సభలను ఒక మూల కూర్చుని చూసేవాడు. మాట్లాడదలచిన ప్రతి మగవాడికీ అవకాశం ఉండేది. పెద్ద మాత్రం చివరిదాకా నోరు మెదపకుండా వినేవాడు, విమర్శించినా విని ఊరుకునేవాడు. నాయకత్వం గురించిన తన ఆలోచనల మీద ఆ సభల ప్రభావం చాలా ఉందని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ సభల్లో ఆడవాళ్లకు మాట లేదన్న లోపాన్నీ దాచలేదు. రాబెన్ దీవి జైలులో కాపలావాళ్ల భాష ఆఫ్రికాన్స్‌ను పట్టుబట్టి నేర్చుకున్నాడు. ప్రపంచం చెవి ఒగ్గి విన్న వక్త తన తెగ పంచాయతీలో తయారయ్యాడు.

అరకు కొండల్లోని ఊళ్లలో ఇలాంటి సభలు లేవా? ఊరి పెద్ద నాయుడు కూర్చుంటాడు, బారికి ఇంటింటికీ కబురు చేరుస్తాడు, దిసారి ముహూర్తం చెప్తాడు, తగవు ఉన్నవాళ్లు ఇద్దరూ మాట్లాడతారు. మధ్యవర్తి ఎలా మాట్లాడతాడు, కోపంగా ఉన్న పక్షాన్ని ఎలా దారికి తెస్తాడు, అప్పు తీర్చలేనివాడి పరువు పోకుండా తీర్పు ఎలా చెప్తాడు? విద్యార్థి సెలవుల్లో ఊరెళ్లి విని, రాసుకొచ్చి, క్లాసులో చెప్పదగిన విషయాలివి. గ్రూప్ డిస్కషన్ అని మనం పేరు పెట్టుకున్నది ఆ ఊళ్లలో తరాలుగా జరుగుతోంది.

నెహ్రూ ప్రసంగం పక్కన ఇంకొకటి చేర్చాలి. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ పరిషత్తులో లక్ష్యాల తీర్మానం మీద జైపాల్ సింగ్ ముండా మాట్లాడాడు. ఖూంటీ ప్రాంతపు ముండా బిడ్డ, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన హాకీ జట్టుకు కెప్టెన్. తనను తాను అడవి మనిషినని గర్వంగా చెప్పుకుని, ప్రజాస్వామ్యం ఆదివాసులకు మీరు నేర్పక్కర్లేదు, వాళ్ల దగ్గర మీరే నేర్చుకోవాలి అనే అర్థం వచ్చేలా నిండు సభలో నిలదీశాడు. చక్కని ఇంగ్లీషు, ఎక్కడా బతిమాలుడు లేదు. తర్వాత 1949లో రాజ్యాంగ భాషల పట్టికలో ముండారీ, గోండీ, ఒరావ్ కూడా ఉండాలని అడిగాడు. సాధించలేకపోయాడు. ఆదివాసీ విద్యార్థికి వక్తృత్వం అంటే ఏమిటో చూపించడానికి ఇంతకంటే దగ్గరి మనిషి ఎవరున్నారు? ఆ సిలబస్‌లో ఒబామాకు దొరికిన చోటు జైపాల్ సింగ్‌కు దొరకలేదు.

మాట విలువ తేలే చోటు

కమ్యూనికేషన్ స్కిల్స్ అనగానే ఇంటర్వ్యూ గుర్తొస్తుంది. మన్యంలో అంతకంటే బరువైన గది ఒకటుంది, దానికి గోడలుండవు. అది గ్రామసభ. 1996 పెసా చట్టం, 2011లో వచ్చిన రాష్ట్ర నిబంధనలు, 2006 అటవీ హక్కుల చట్టం కొండ ఊళ్లకు మాట్లాడే అధికారం ఇచ్చాయి. పోడు భూమి మీద హక్కు అడిగే దరఖాస్తు గ్రామసభ దగ్గరే మొదలవ్వాలి. 2012లో మార్చిన నిబంధనల ప్రకారం ఆ సభకు సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. అధికారి తెచ్చిన కాగితంలో ఏముందో చదివి, ఊరి భాషలో చెప్పి, ఊరివాళ్ల అభ్యంతరాన్ని తీర్మానంగా రాయించగల మనిషి ఆ సభలో లేకపోతే చట్టం కాగితంగానే మిగులుతుంది. వేలిముద్ర పడుతుంది, అర్థం మాత్రం ఎవరికీ తెలియదు.

అలాంటి మాట ఏం చేయగలదో సరిహద్దుకు అవతల, ఇవే తూర్పు కనుమల్లో, దేశమంతా చూసింది. నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది అక్కడి పల్లె సభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు పల్లెలను ఎంపిక చేశారు. జులై, ఆగస్టు నెలల్లో జిల్లా జడ్జి పర్యవేక్షణలో సభలు జరిగాయి. డోంగ్రియా కోందులు ఒక్కొక్కరే లేచి తమ భాషలో, ఆ కొండ తమకు ఏమిటో, దాని నీళ్లు ఎక్కడికి పోతాయో, దాని దేవుడెవరో చెప్పారు. పన్నెండుకు పన్నెండు సభలు వద్దన్నాయి. మరుసటి జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. వాళ్లు మాట్లాడింది కువి. అరకు కాలేజీ క్లాసులో నోరు విప్పని కోందు పిల్లల ఇంటి భాష కూడా అదే. స్వతంత్ర భారతంలో ఇంత ఫలితం తెచ్చిన బహిరంగ ప్రసంగాలు చాలా అరుదు. మన విశాఖ మన్యంలోనూ 2015 నవంబరులో జెర్రెల బాక్సైట్ తవ్వకాల కోసం జీవో 97 వచ్చినప్పుడు కొండలు గొంతెత్తాయి. 2019లో ఆ తవ్వకాల ఆలోచనకు తెరపడింది. మాట పోరాటం ఈ నేలకు కొత్తేమీ కాదు.

ఆసుపత్రి ఇంకో చోటు. పాడేరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2024లో 50 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది. దేశంలో 2019లో చేరిన బ్యాచ్ నుంచి వైద్య విద్యార్థులందరికీ ప్రవర్తన, నైతికత, కమ్యూనికేషన్ కలిపిన పాఠం తప్పనిసరి. రోగికి చెడ్డ వార్త ఎలా చెప్పాలి, ఆపరేషన్‌కు అంగీకారం ఎలా తీసుకోవాలి అన్నది అందులో నేర్పుతారు. నొప్పి ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది, ఎన్నాళ్లైంది అన్నది కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో చెప్పే బాలింతకు, తెలుగు ఇంగ్లీషు మాత్రమే వచ్చిన డాక్టరుకు మధ్య ఎవరో ఒకరు నిలబడాలి. ఇప్పుడు ఆ పని ఆశా కార్యకర్తో, తోడొచ్చిన పదేళ్ల పిల్లో చేస్తున్నారు. దానికి శిక్షణ లేదు, జీతం లేదు, ఒక్క మాట తప్పితే ప్రాణం పోతుంది. ఇది చదువుకుని చేయాల్సిన వృత్తి. అదే ఊళ్లో ఉన్న డిగ్రీ కళాశాల ఈ పనికి పిల్లలను తయారుచేస్తే రెండు కళాశాలలకూ మేలు, రోగికి అంతకంటే మేలు.

మరి ఇంగ్లీషు?

కావాలి. గట్టిగా కావాలి. కొండ పిల్లలకు సంస్కృతి చాలు, ఇంగ్లీషు ఎందుకు అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. తమ పిల్లలను కాన్వెంట్లలో చదివిస్తూ ఆ మాట అనడం తప్పు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతకు రెండేళ్ల ముందే అరకు పేరుతో పారిస్‌లో దుకాణం తెరుచుకుంది. ఆ గింజ పండించిన రైతు కూతురే కొనడానికి వచ్చినవాడితో సూటిగా మాట్లాడాలి. సిల్వర్ ఓక్ నీడ, దాని మీదికి పాకించిన మిరియాల తీగ, పండ్లు కోసి పల్పింగ్ చేసి ఎండబెట్టే వరస, ధర ఎందుకింత అడుగుతున్నామో ఆమె నోటే వినాలి. రైలు అద్దాల కోచ్‌లో వచ్చిన పర్యాటకుడికి లోయ గురించి చెప్పేది విశాఖ నుంచి వచ్చిన గైడే అయితే అరకుకు మిగిలేది బొంగు చికెన్ అమ్మకం ఒక్కటే.

అందుకే ఇంగ్లీషు పాఠాన్ని ఈ సంగతులతో కట్టాలి. అవ్వ చెప్పిన కథను ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చి, మొదట ఇంటి భాషలో అందరికీ వినిపించి, తర్వాత తెలుగులో చెప్పి, చివరికి ఇంగ్లీషులో చెప్పమనండి. చెప్పడానికి విషయం ఉంది, దాని మీద పట్టు ఉంది కాబట్టి గొంతు ఆగదు. పదాలు తక్కువైతే టీచరు అందిస్తారు. తన గురించి రెండు నిమిషాలు చెప్పమన్నప్పుడు లేచిన భయం, తన ఊరి పంట గురించి చెప్పమన్నప్పుడు సగానికి దిగుతుంది. దీనికి కొత్త ల్యాబ్ అక్కర్లేదు, హెడ్‌ఫోన్లు అక్కర్లేదు, కరెంటు పోయినా జరుగుతుంది. కావాల్సిందల్లా, తనకు రాని భాషలో విద్యార్థి మాట్లాడుతుంటే ఓపికగా వినగల అధ్యాపకుడు. కువి రాని అధ్యాపకుడు మార్కులు ఎలా వేస్తాడని అడగవచ్చు. ఆ భాష వచ్చిన తోటి విద్యార్థిని అనువదించమనండి. అతనికీ మార్కులు వేయండి. ఆ అనువాదం కూడా కమ్యూనికేషన్ పరీక్షే, బహుశా అన్నిటికంటే కష్టమైనది.

విజయనగరంలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం నడుస్తోంది. గిరిజన భాషల్లో వక్తృత్వం, అనువాదం, దుబాసీ విద్యలను డిగ్రీ కోర్సులుగా తేవడానికి అంతకంటే తగిన చోటు లేదు. అరకులోయ, పాడేరు కళాశాలల పిల్లలకు పట్టా ఇచ్చేది మాత్రం ఆంధ్ర విశ్వవిద్యాలయం. 1926లో పుట్టిన ఆ సంస్థకు 2026తో నూరేళ్లు. ఉత్సవాలు, సావనీర్లు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు బోర్డ్ ఆఫ్ స్టడీస్ పెద్దలు ఒక్క సమావేశం అరకులోయలో పెట్టుకుని రెండు తీర్మానాలు చేయాలని ఈ పేజీ నుంచి అడుగుతున్నాను. కమ్యూనికేషన్ కోర్సులో సగం మార్కులు మౌఖిక పరీక్షకు కేటాయించండి. ఆ పరీక్షలో విద్యార్థి ఇంటి భాషలో మాట్లాడటానికి అనుమతి ఇవ్వండి.